పెద్దపటేలు పులిపిరి

ఒక పెద్దమనిషి ముఖంలోంచి ఆయన్నే తీసేసిన ఘనత నాది. ఎలా తీశానో చెబితే మీరు నాకు ఫొటో తీయడానికి కూడా ఫోన్ ఇవ్వరు. అయినా చెబుతాను.

జనగామలో మనుషుల ముఖాలు స్కాన్ చేసి ఇత్తడి బొమ్మలు పోయించే దుకాణంలో కొత్తగా చేరాను. మరిపెడ దిక్కు నుంచి పెద్దపటేలు వచ్చాడు. తాను కట్టించిన ఫంక్షన్ హాలు ముందర బతికుండగానే తన బొమ్మ పెట్టుకోవాలట.

"తొందరేముంది బాపూ?" అన్నాను, నోరు ఊరుకోక.

"నేను సచ్చినంక నా తమ్ముడు పెట్టిస్తడు. వాని ముక్కు పెట్టిస్తడు" అన్నాడు, దుకాణంలో ఉన్న బొమ్మలన్నిటినీ అనుమానంగా చూస్తూ.

అనుమానంలో నేనూ తక్కువదాన్ని కాదు. మా యంత్రం ముఖం మీద నలుపు తెలుపు చారలు వేస్తుంది. చార ఎక్కడ ఎంత వంగిందో చూసి ఎత్తుపల్లాలు పట్టుకుంటుంది. ఆ లెక్క గడియారం ముల్లులా తిరుగుతుంది, పన్నెండు దాటితే మళ్ళీ ఒకటి. ఎన్ని చుట్లు తిరిగిందో మనం విప్పి చూడాలి. మధ్యలో ఒక దుమ్ము నలుసు అడ్డం వచ్చిందా, చుట్టు లెక్క తప్పి బొమ్మ బుగ్గ మీద గోడో బుడిపో లేస్తుంది. అందుకే విప్పకముందే నలుసులు వడగట్టాలి. అంతకుముందే గూడూరు నుంచి వచ్చిన ఒక సారు బొమ్మకు చెవి పక్కన గోడ లేపి తిట్లు తిన్నాను కాబట్టి, కనిపించిన ప్రతి చుక్కా నాకు దొంగలాగే కనిపించేది.

పటేలు ముక్కు పక్కన ఒక చుక్క కనిపించింది. "దొరికినవ్ బిడ్డా!" అనుకుని వడపోతను చివరిదాకా పెంచాను. ముఖం తోమిన గిన్నెలా వచ్చింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇత్తడి పోసే ముందు ప్లాస్టర్ నమూనా చూడ్డానికి పటేలు వచ్చాడు. దాని చుట్టూ తిరిగాడు.

"గీడెవడు?"

"మీరే బాపూ."

"నేనైతే నా పులిపిరేది?"

నేను నమూనా ముక్కు పక్కన వేలితో తడిమి చూశాను.

"ఒక్క తీరుగుండే మా అన్నదమ్ములను ఊర్లె గుర్తువట్టేది గా పులిపిరితోనే. నిజం చెప్పు, నా తమ్ముడు ఎప్పుడొచ్చి పోయిండు? ఏమిచ్చిండు?"

"ఎవరూ రాలేదు బాపూ! నలుసనుకొని నేనే తీసేసిన."

"పుట్టినప్పటిసంది నాతోనున్నది నలుసా?"

ఆయన వెళ్ళాక మా ఓనర్ యాదగిరన్న నా ముందు నిలబడ్డాడు. "ఆవిష్కరణకు కార్డులు గూడ పంచిండ్రు పిల్లా. గీ బొమ్మ చెడిందా, మరిపెడ దిక్కు నాకు పని దొరకది. జనగామల నీకు దొరకది."

అదృష్టంకొద్దీ మొదటి స్కాన్ చెరపలేదు. ఈసారి వడపోత జోలికే పోకుండా చుట్లు విప్పాను. పులిపిరి దర్జాగా వచ్చి కూర్చుంది. ఇంకెక్కడైనా చూడాలన్న తెలివి ఎవరికుంది? నేను దాన్నే చూసుకుని మురిసిపోయాను.

కొత్త నమూనా చూసి పటేలు మొదటిసారి నవ్వాడు. "ఆఁ, గిప్పుడు నేను!" అన్నాడు. తర్వాత ఆయన చూపు మెల్లగా రెండో బుగ్గ మీదికి జరిగింది. నవ్వు ఆగిపోయింది. అక్కడ, నేను వడగట్టని నలుసు ఒకటి శనగగింజంత లేచి ఉంది.

"గిది నాది, ఒప్పుకుంట. గా రెండోదెవనిది?"

యాదగిరన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"తమ్ముడు పొలంల వాటా అన్నడు, ఇచ్చిన. బాయిల వాటా అన్నడు, ఇచ్చిన. ఆఖరికి నా మొఖంల గూడ వానికి వాటా పెట్టినవా బిడ్డా?"

కాబట్టి పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి ముఖం మీద చుక్క కనిపించినా, అది నలుసో పులిపిరో ఆ మనిషినే అడగనిదే ముట్టను. అడిగేది మాత్రం చెయ్యి అందనంత దూరంలో నిలబడి.