ఆ పొద్దున జీను కట్టిందెవరు

తడిసిన ఉన్ని వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందుగా వచ్చేది కోపమే. మొన్నటి వానకు మా స్వారీ బడిలో జీన్లు పెట్టే గది కురిసింది. పొద్దున్నే తలుపు తీస్తే గొర్రె ఉన్ని, గుర్రపు చెమట, తడి మట్టి కలిసిన వాసన గుప్పున కొట్టింది. జీను కింద గుర్రం వీపు మీద పరిచే ఉన్ని గుడ్డలు, రాజన్న కాక మాటలో నమ్దాలు, అన్నీ నాని ముద్దయ్యాయి. "ఇగో, సూసినవా? నేను జెప్పలే?" అని వెనక నుంచి ఎవరో అన్నట్టనిపించి గిరుక్కున తిరిగాను కూడా. ఎవరూ లేరు. కాక పోయి నాలుగేళ్లయింది. పోయినా నన్ను సతాయించడం మాత్రం మానలేదు.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. నిజామాబాద్‌లో మా గల్లీ చివర రేకుల షెడ్డులో ఒక తెల్ల గుర్రాన్ని పెట్టుకుని పెళ్లి బారాతులకు తోలేవాడు. పొట్టి మనిషి, భుజాన ఎప్పుడూ ఒక తువ్వాల. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. బ్యాండువాళ్లు వాయించి వాయించి అలిసిపోయినా సరే, గుర్రం వీపును మెడ దగ్గరి నుంచి తోక దాకా అరచేత్తో మూడుసార్లు నిమిరితే గానీ జీను వేసేవాడు కాదు. ముహూర్తం దాటిపోతోందని పెళ్లివాళ్లు మొత్తుకుంటే "లగ్గం మీది, వీపు దానిది" అనేవాడు. ఏడో తరగతిలో ఆ గుర్రానికి గడ్డి పెట్టడానికని వెళ్లిన నేను ఆయన దగ్గరే స్వారీ నేర్చుకున్నాను. నేర్పాడని ఎలా అనను? మొదటి ఆరు నెలలు అసలు ఎక్కనివ్వనే లేదు. వీపు నిమరడం, గిట్టలు కడగడం, పేడ ఎత్తడం, అంతే. "ఎక్కుడు ఎవడైన ఎక్కుతడు పిల్లా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పళ్లు కొరుక్కునేదాన్ని.

నా డిగ్రీ అయిన ఏడాది, హైదరాబాద్ శివార్లలోని ఒక స్వారీ బడిలో నేర్పేవాళ్లు కావాలని తెలిసింది. వాళ్ల షరతు ఒకటే. ఒక దూరపు స్వారీ పోటీని పూర్తిచేసినట్టు పత్రం చూపించాలి. బాపు, అంటే మా నాన్న, అప్పటికే నాతో విసిగిపోయి ఉన్నాడు. "గుర్రాల ఎనుక తిరుగుడు గీ ఒక్కపారే. కాయితం తెస్తె పో. తేకపోతె డిచ్‌పల్లిల పీజీల చేరు, మల్ల గుర్రం ముచ్చటెత్తకు" అని తేల్చేశాడు. సరిగ్గా ఆ ఆషాఢంలోనే బోధన్ దగ్గర శని, ఆదివారాల్లో అలాంటి పోటీ ఒకటి పెట్టారు. ఇందులో ముందు ఉరికినవాళ్లు గెలవరు. రోజుకు నలభై కిలోమీటర్లు, పెట్టిన గడువులోపు చేరాలి. చేరాక పశువుల డాక్టర్ గుర్రాన్ని చూసి, గుండె నిమ్మళించిందని, కుంటడం లేదని, వీపు బాగుందని ఒప్పుకోవాలి. రెండు రోజులూ ఒప్పుకుంటేనే పత్రం. ఆషాఢంలో లగ్గాలుండవు కాబట్టి మోతికి, అంటే కాక గుర్రానికి, పని లేదు. కాక సరేనన్నాడు. అనకపోయినా బాగుండేదని ఆ రెండు రోజుల్లో ఇరవైసార్లు అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం డీసీఎం వ్యానులో మోతిని ఎక్కించుకుని చేరేసరికి వాన మొదలైంది. ఒక పక్క నిజాంసాగర్ కాలువ, మూడు పక్కల చెరకు, నడుమ పంట తీసేసిన చెలక. అక్కడే గుడారాలు. పుణె నుంచి వచ్చినవాళ్లు అప్పటికే గుడారాలు వేసుకుని మడత కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను స్నేహితురాలిని బతిమిలాడి ఒక గుడారం తెచ్చుకున్నాను. దాన్ని వేసి, దాణా బస్తా దింపి వచ్చేలోపు గుడారం లేదు! చూస్తే మోతి ఒంటి మీద ఉంది. మెడ నుంచి తోక దాకా కప్పి, కింద గోనె సంచులు కలిపి కుట్టే దారంతో కడుతున్నాడు మహానుభావుడు.

"కాకా! నేనేడ పండుకోవాలె?" అని అరిచాను.

"డీసీఎంల పండు."

"అండ్ల పేడున్నది! పైనుంచి ఉరుస్తున్నది!"

"మనిషి తడిస్తె ఏమైతదే? తుడుసుకుంటె అయిపాయె. దీనికి పొద్దుగాల నిన్ను మోసే పనున్నది. నీకేం పనున్నది, మీదెక్కి కూసునుడే గదా" అన్నాడు. తవుడు బస్తాల మీద ముడుచుకుని పడుకున్నాను. పక్క గుడారాల్లో నవ్వులు వినిపిస్తుంటే ఏడుపు ఒక్కటే తక్కువ.

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాలి. అందరూ జీన్లు కట్టుకుని గీత దగ్గర నిలబడ్డారు. కాక మాత్రం గడ్డిని చుట్టలా మెలిపెట్టి మోతి వీపు రుద్దుతున్నాడు. అంత కప్పినా పక్కల నుంచి తడి దిగిందట. రుద్దుతాడు, అరచెయ్యి పెట్టి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ రుద్దుతాడు. ఆరున్నరయింది. అందరూ వెళ్లిపోయారు. "కాకా, టైం పోతున్నది, నీకు దండం పెడత" అన్నాను. "టైమేడికి పోతది? రేపు పొద్దుగాల మల్ల గీడికే వస్తది. తడి వీపు మీద నమ్దా ఏస్తె తోలు మెత్తగైతది, ఇంత ఇసుక రవ్వ చాలు, పుండైతది" అన్నాడు. నలభై నిమిషాలు ఆలస్యంగా వదిలాడు. పైగా "తొక్కులాడకు, మెల్లగ పో" అని నీతి ఒకటి.

మెల్లగా కాక ఇంకెలా పోతాను? కాలువ కట్టంతా అడుసు. ఎట్లాగో పది కిలోమీటర్లు దాటి ఒక ఊళ్లోకి వచ్చాను. అక్కడ గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎదురుగా డప్పులు. ఎవరో ముసలామె కాలం చేస్తే, నిండు బతుకు బతికింది కదా అని తీన్‌మార్ దెబ్బతో సాగనంపుతున్నారు. పదేళ్లుగా బారాతుల్లో ఆడిన గుర్రానికి పెళ్లి డప్పేదో చావు డప్పేదో ఏం తెలుసు? మోతి నిలబడిపోయింది. మెడ వంచింది. ముందర కుడికాలు ఎత్తి, దించి, ఎడమకాలు ఎత్తి, పాడె ఎదురుగా ఆడడం మొదలుపెట్టింది. కళ్లెం లాగాను, మడమలతో పొడిచాను, తిట్టాను. వినదే! డప్పులవాళ్లకు ఊపొచ్చి ఇంకా గట్టిగా కొట్టారు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి చూశారు. సిగ్గుతో నేను చచ్చిపోయాను. కిందికి దూకి చేతులు జోడించి "తప్పయింది, ఇది పెండ్లి గుర్రం" అన్నాను. ముందు కుండ పట్టుకుని నడుస్తున్న పెద్దాయన, ఆమె కొడుకే కాబోలు, వానలో ముఖం తుడుచుకుని "ఉండనీ బిడ్డా. మా అవ్వ జన్మల గుర్రమెక్కలే. గిట్లనన్న గుర్రం ముంగట నడవనీ" అన్నాడు. ఇంకేం చేస్తాను? మోతిని పట్టుకుని శవయాత్రకు ముందు నడిచాను. ఊరు దాటి, కాలువ తూము దాటి, వాళ్లు కాష్టం వైపు తిరిగేదాకా నడిచాను. డప్పులు దూరమయ్యాక కూడా మోతి అడుగు సర్దుకోవడానికి ఇంకో రెండు కిలోమీటర్లు బురదలో నడవాల్సి వచ్చింది.

ఆ రోజు గడువుకు ఏడు నిమిషాల ముందు చేరాను. చిత్రమేమిటంటే, ముందు పోయిన వాటిలో నాలుగు గుర్రాలకు గుండె దడ తగ్గక డాక్టర్ ఆపేశాడు. మోతి మీద స్టెతస్కోప్ పెట్టి "ఇదేంటి, ఇప్పుడే నిద్ర లేచినట్టుంది" అన్నాడు. నేను నడవడం వల్ల దానికి విశ్రాంతి దొరికిందన్నమాట. కాక పడీపడీ నవ్వాడు. "అవ్వ పుణ్యం. నీ కాళ్లు గుంజినయి, దాని గుండె నిమ్మళమైంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడు నిమిషాలు! రేపు కూడా ఈయన గడ్డి పట్టుకుని కూర్చుంటే నా బతుకు పీజీలోనే తెల్లారుతుందని లెక్క వేసుకుంటున్నాను.

ఆదివారం పొద్దున ఐదున్నరకు కాక మోతికి వేడినీళ్లు తెస్తానని రోడ్డు మీది హోటల్‌కు పోయాడు. పోతూ "వీపు ఇంక పచ్చిగున్నది, నేనొచ్చేదాక ముట్టకు" అన్నాడు. వాన సన్నగా పడుతోంది. గీత దగ్గర గుర్రాలు చేరుతున్నాయి. ఐదూ యాభై అయింది. ఆయన జాడ లేదు. హోటలాయనతో ముచ్చట పెట్టుకుని ఉంటాడు, ఆయన సంగతి నాకు తెలియదా? తువ్వాలతో మోతి వీపును రెండుసార్లు తుడిచాను. కిందపడి ఉన్న నమ్దాను దులిపి వేశాను. సరిగా దులిపానో లేదో చూసుకోలేదు. అరచెయ్యి పెట్టి నిమరలేదు. జీను వేసి, పట్టీ బిగించి, ఎక్కి, సరిగ్గా ఆరింటికి అందరితో పాటు గీత దాటాను. వెనక నుంచి కాక కేక వినిపించింది. తిరిగి చూడలేదు. ఆ పూట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నడుమ చెక్‌పాయింట్ దగ్గర ఆయన కలవాల్సింది గానీ, డీసీఎం బురదలో దిగబడి రాలేకపోయాడు. పీడ వదిలిందనుకున్నాను.

గడువుకు గంట ముందే చేరాను. కాక అక్కడే నిలబడి ఉన్నాడు, మోకాళ్ల దాకా బురద. నేను దిగగానే జీను విప్పి పక్కన పెట్టాడు. డాక్టర్ గుండె చూశాడు, బాగుంది. నడిపించి చూశాడు, బాగుంది. వాన ఎక్కువైంది, వెనక ఇంకా ఆరేడు గుర్రాలున్నాయి. వీపు మీద చెయ్యి అలా రాసి "ఓకే" అని కార్డు మీద సంతకానికి పెన్ను తీశాడు.

"సారూ, జెర ఆగు" అన్నాడు కాక.

మోతి వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరాడు. జీను వెనక అంచు ఆనే చోటికి రాగానే మోతి చెవులు వెనక్కి పెట్టి, వీపు కిందికి జార్చేసింది. తడి వెంట్రుకల కింద రూపాయి బిళ్లంత వాపు. "గీడ సూడు సారూ" అన్నాడు. డాక్టర్ వేలితో నొక్కి చూసి, పెన్ను మళ్లీ జేబులో పెట్టేసి, తలెత్తాడు.

"జీను ఎవరు కట్టారు?"

నేను నా బూట్ల వైపు చూశాను.

"నేనే కట్టిన సారూ. పొద్దుగాల ఆగమాగమైంది. సూసుకోలే" అన్నాడు కాక.

"ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇదేం పని పెద్దాయనా? మూగ జీవం కదా" అని డాక్టర్ అందరి ముందూ కడిగేశాడు. వచ్చే ఏటి నుంచి ఈయన్ని గుర్రం వెంట శిబిరంలోకి రానివ్వొద్దని పోటీ పెట్టినవాళ్లకు చెప్పాడు. కాక తల వంచుకుని "తప్పే సారూ" అన్నాడు. నాకు అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. డీసీఎం దగ్గరికి రాగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఆయన సంతకం పెడుతుండె! నోరు మూసుకుంటె నీదేం పోయేది?" అన్నాను. "నాదేం పోదు. దాని వీపు పోతది. రేపు ఎవడన్న మల్ల గదే పుండు మీద జీనేస్తె?" అన్నాడు. నిజామాబాద్ దాకా ముందు సీట్లో ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన వెనక మోతి దగ్గర నిలబడి, నూనెలో పసుపు కలిపి రాస్తూ వచ్చాడు.

బాపుకు కాకే నచ్చజెప్పాడు, తప్పంతా తనదేనని చెప్పి. దాంతో బాపు ఇంకో ఏడాది గడువిచ్చాడు. మరుసటి ఏడు వేరేవాళ్ల గుర్రం మీద పోటీ పూర్తిచేశాను. పత్రం వచ్చింది, కొలువు వచ్చింది. మిఠాయి డబ్బా తీసుకుని కాక షెడ్డుకు వెళ్లి, "డాక్టర్ సార్‌కు అసలు సంగతి జెప్త కాకా" అన్నాను.

"ఏం జెప్తవ్? గుర్రం వీపు పాడు జేసిన పిల్లంటె రేపు నీ చేతికి గుర్రాన్నెవరిస్తరు? నాదేమున్నది, బారాతోళ్లు నన్ను గవన్ని అడుగుతరా? మిఠాయి గిట్ల పట్టు" అన్నాడు. పశ్చాత్తాపపడదామన్నా పడనివ్వడు, ఏం మనిషో!

ఆ తర్వాత ప్రతి ఏడూ మా బడి పిల్లలను తీసుకుని ఆ పోటీకి వెళ్తున్నాను. కాక కూడా వచ్చేవాడు. శిబిరంలోకి రానివ్వరు కాబట్టి కాలువ అవతలి రోడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడి, పోయే గుర్రాల వీపులు చూసేవాడు. నేను చాయ్ తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. డాక్టర్ గారు ఇవతల బల్ల దగ్గర కూర్చుని ఉండేవారు. మధ్యలో చిన్న వంతెన, అంతే. ఆరేళ్లు ఆ వంతెన మీద చాయ్ గ్లాసుతో అటూ ఇటూ తిరిగాను. ఆయనే వద్దన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన వద్దనకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. నా పేరు నాకు ముద్దు.

డాక్టర్ గారు ఇప్పటికీ పోటీలకు వస్తున్నారు. పోయినసారి మాటల మధ్య "ఒక పెళ్లిగుర్రం ముసలాయన ఉండేవాడు, జీను కట్టడం కూడా రాదు పాపం" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం తినలేకపోయాను.

సారూ, ఇది మీ కంటపడాలనే రాస్తున్నాను. ఆ ఆదివారం మోతికి జీను కట్టింది రాజన్న కాక కాదు, నేను.