బాపు మింగేసిన మాట

ఈ ఉదయం మా ఆసుపత్రి వార్డులో ఎవరో నీలగిరి తైలం సీసా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఒక్క క్షణం నిలబడిపోయాను. మా ఇంగ్లీషు టీచర్ సుగుణమ్మ గారి చేతిరుమాలు ఏడాది పొడుగునా అదే వాసన వచ్చేది.

బోథ్‌లోని మెథడిస్టు క్రైస్తవ కుటుంబం ఆమెది. మరమగ్గాల చప్పుడు ఆగని మా ఊరి బడికి బదిలీ మీద వచ్చారు. ఒకరోజు బోర్డు మీద ‘రవి వాంటెడ్ టు కమ్, బట్ హి కుడంట్’ అని రాసి, “రవి ఏం చేయలేకపోయిండు?” అని నన్ను అడిగారు.

“ఆడ రాయలే టీచర్,” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“రాయలే గని, ఉన్నది. జర ఎనుకకు పోయి చూడు.”

చూశాను. ‘కమ్’ దొరికింది. “రాలేకపోయిండు!” అని అరిచాను.

“బువ్వ తిన్నవా అంటే తిన్న అంటవు. మల్ల బువ్వ అనవు గదా? ఇంగ్లీషోళ్లు గూడ గంతే,” అన్నారు. అప్పటిదాకా నన్ను భయపెట్టిన భాష ఆ పూట మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది.

పదో తరగతి అయ్యాక నన్ను కరీంనగర్ కాలేజీకి పంపమని అడగడానికి ఆమె మా ఇంటికి వచ్చారు. మా నాన్న, మా బాపు, మగ్గం ఆపాడు. “సదివియ్యాలనే ఉన్నది టీచరమ్మా, గని...” అని తల దించుకున్నాడు. నన్నూ మగ్గాల పనికే పెడతాడనుకుని నాకు ఏడుపొచ్చింది. సుగుణమ్మ గారు మాత్రం తొందరపడలేదు. చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

“గని ఏంది అన్నా? చెప్పు.”

బాపు మగ్గం మీది నూలు పోగు సవరిస్తూ అన్నాడు. “ఇంగ్లీషు సదువులు సదివినంక, అది నాతోని ఏం మాట్లాడుతది టీచరమ్మా?”

“శనివారం శనివారం ఇంటికొచ్చి, నేర్చుకున్నది ముందుగాల నీకే చెప్తది. ఫికర్ చెయ్యకు,” అని ఆమె నా వైపు తిరిగారు. “చెప్తవా?”

“చెప్త టీచర్.”

ఆమెను సాగనంపుతూ, బాపు మనసులో ఇంకో మాట ఉందని ఎట్లా తెలిసిందని అడిగాను. “నాకేం తెలుసు? ఇంగ్లీషుల ఇడిసిన మాట ఎనుకకు చూస్తే దొరుకుతది. మనిషి ఇడిసింది మనిషినే అడగాలె,” అన్నారు.

ఆ తర్వాత శనివారాలు నేను వచ్చేసరికి బాపు మగ్గం బందు పెట్టి కూర్చునేవాడు. ఒకసారి “విల్ యూ ఈట్?” అని అడిగితే, “ఐ విల్!” అని మీసం తిప్పాడు.

సుగుణమ్మ గారు ఇప్పుడు లేరు. నేను నర్సునయ్యాను. మంచాల మీది మనుషులు ఎన్నో మాటలు సగంలో ఆపేస్తారు. “ఇంటికి పోవాలనే ఉన్నది సిస్టరమ్మా, గని...” అంటారు. అర్థమైనట్టు తలూపి వెళ్లిపోవడం నాకు చేతకాదు. స్టూలు లాక్కుని కూర్చుంటాను.