దుఖాన్ క్యాంప్‌లో ఒక లెఫ్ట్ కార్నర్

మొన్న శుక్రవారం నేను దుఖాన్ వెళ్ళింది ఒక మాట పడలేక. హైదరాబాద్‌లో కొత్తగా జీతాలిచ్చి ఆడించే కబడ్డీ లీగ్ ఒకటి మొదలవుతోంది. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఆడిన కుర్రాళ్ళ పేర్లు ముందు పెట్టుకుని, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటున్నారు. అందులో ఒక జట్టు మేనేజరు రంగారావు, నేను యూనివర్సిటీకి లెఫ్ట్ కార్నర్ ఆడిన రోజుల్లో నా పక్కన నిలబడ్డవాడు. ఖతార్‌లో ఉన్న మనవాళ్ళలో మంచి కార్నర్ ఎవడైనా ఉంటే ఒక్క పేరు చెప్పమని ఫోన్ చేశాడు. దుఖాన్‌లో పనివాళ్ళ క్యాంప్‌లో ఒకడున్నాడని నాకు ఎవరో చెప్పారు. ఈ సంగతి దోహాలోని మన కబడ్డీ సంఘం కార్యదర్శి చెవిన పడింది. ఆయన ఎప్పుడూ ట్రాక్ సూట్‌లోనే ఉంటాడు గానీ పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. "క్యాంపుల్లో ఆడేది కబడ్డీ కాదండీ, కాలక్షేపం. దుఖాన్ కుర్రాణ్ణి నేను చూశాను. కాలు పట్టడం రాని కార్నర్. మీరు ఆ ఎండలో పోయి శ్రమపడకండి, ఈ వయసులో" అన్నాడు, నలుగురి ముందు, నా భుజం తట్టి మరీ. తన తరఫున మదీనత్ అల్ షమాల్‌లో ఉన్న ఒక ఆరడుగుల కుర్రాడి పేరు రంగారావుకి అప్పటికే పంపేశాడు కూడా. నన్ను ఇరవై రెండేళ్ళ వయసులో రాష్ట్ర జట్టులోంచి తీసేసిన సెలెక్టరు కూడా ఇలాగే భుజం తట్టాడు. చేతులు పొట్టి అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా ఉన్నాను.

కబడ్డీ చూడని పాఠకుల కోసం ఒక ముక్క. కాపు కాసే ఏడుగురిలో రెండు చివర్లలో నిలబడేవాళ్ళే కార్నర్లు. కూతకు వచ్చినవాడు లోపలికి దిగి వెనక్కి తిరిగే క్షణంలో వాడి చీలమండ దొరకబుచ్చుకోవడం కార్నర్ అసలు విద్య. తొడ పట్టేవాళ్ళు, నడుం పట్టేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. చీలమండ పట్టేవాడు తాలూకాకు ఒకడుంటే గొప్ప.

మా అమ్మాయి ఇల్లు అల్ తుమామాలో. అక్కణ్ణించి దుఖాన్ దాదాపు ఎనభై కిలోమీటర్లు. సర్కారు బస్సుకు పది రియాళ్ళ లోపే గానీ శుక్రవారం పొద్దున దాన్ని నమ్ముకుంటే జుమ్మా నమాజు అయ్యేదాకా స్టాండులో కూర్చోవాలి. టాక్సీవాడు రానూపోనూ రెండు వందలకు తక్కువ అడగడు. నాకు మల్లేశం దొరికాడు. జగిత్యాల మనిషి. దుఖాన్ పక్కనున్న ఒక పనివాళ్ళ క్యాంప్‌కు పికప్ బండిలో కూరగాయలు తోలుతాడు. శుక్రవారం ఎనిమిదింటికి మార్కెట్ ముగించుకుని, ఎనిమిదిన్నరకు మా వీధి చివర ఆగాడు. ముందు సీట్లో నేను, వెనక ఉల్లిగడ్డల బస్తాలు.

"కూసోండ్రి పెద్దసార్. ఏసీ మాఫీ, లేనే లేదు. కిటికీ ఉన్నది" అన్నాడు.

"నేను ఈ దారిలో ఏసీ లేకుండా ఇరవై మూడేళ్ళు తిరిగాను బాబూ. దుఖాన్ ఆయిల్ ఫీల్డు స్టోర్స్‌లో పనిచేశాను."

"అట్లనా! మరి గింత సన్నగున్నరేంది? ఆయిల్ కంపెనీల జేసినోళ్ళు పీపాల లెక్క ఉంటరు గద!"

నేను పనిచేసిన కాలంలో దుఖాన్ దారి అటొక లారీ, ఇటొక లారీ పట్టేంత ఉండేది. ఇప్పుడు చమురు ధర పెరిగినకొద్దీ రోడ్డు వెడల్పవుతోంది. శహానియా దాటేదాకా రెండు పక్కలా టిప్పర్లే. దాటాక మాత్రం పాత ఎడారి అలాగే ఉంది. చివర దుఖాన్ గుట్ట దగ్గర గ్యాస్ మంట కనిపించగానే, చెబితే నవ్వుతారు, నాకు నిటారుగా కూర్చోవాలనిపించింది. ఆ మంట కింద నా జీవితంలో మంచి భాగం గడిచింది. ఈ దేశం తొలి చమురు తీసింది ఇక్కడే. దోహాలో అద్దాల మేడలు చూసి ఫోటోలు దిగేవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

దారిలో మల్లేశమే అసలు విషయం ఎత్తాడు. "సాయిలును చూడనీకేనా సార్ వచ్చుడు? జర చూసి మంచిగ చెప్పుండ్రి. ఆదివారం వాని అగ్రిమెంట్ అయిపోతది. కంపెనీ కాగితం ఇచ్చింది, ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టుమని. లీగ్‌ల పేరొస్తే ఇంటికి పోతడు. రాకుంటే పెడతడు."

"వయసెంత?"

"ఇరవై నాలుగు. రెండేండ్లు అయినంక ఇరవై ఆరు. అప్పుడు ఎవడు పిలుస్తడు?"

డ్రాఫ్ట్ శనివారం సాయంత్రం. రంగారావుకు నేను పేరు చెప్పాల్సింది శుక్రవారం పొద్దుగూకే లోపు.

పదిన్నరకు క్యాంప్ చేరాం. వంటశాల గౌస్ భాయ్‌ది. నిజామాబాద్ మనిషి, తెలుగూ దక్కనీ ఒకే గరిటెతో కలిపి వడ్డిస్తాడు. ఆయన జుమ్మాకు వెళ్ళి వచ్చాక భోజనం పెట్టాడు. అన్నం, పప్పుచారు, మాంసం కూర. "ఎంత ఇవ్వాలి" అని అడిగినందుకు తిట్లు తిన్నాను. "ఫులూస్ జేబుల పెట్టుండ్రి సార్. మీ పైసలతో మేడ కడతనా?" కాబట్టి మీరు వెళితే డబ్బు కాకుండా పళ్ళు తీసుకెళ్ళండి. అక్కడ సాయిలును చూశాను. కోరుట్ల దగ్గర పల్లె, డిగ్రీ కాలేజీలో ఉండగా యూనివర్సిటీకి ఆడాడు, ఇక్కడ స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. పొట్టి మనిషి. చేతులూ పొట్టివే. నమస్తే పెట్టి, ఇంకేమీ మాట్లాడకుండా కంచం కడుక్కుని వెళ్ళాడు. నాకు వాడు వెంటనే నచ్చాడు.

మూడింటికి ఆట. క్యాంప్ వెనక నేలను నీళ్ళ ట్యాంకర్‌తో తడిపి, తాళ్ళు పరిచి గీతలు చేశారు. నూటయాభై మంది దాకా చుట్టూ మూగారు. సాయిలు ఎడమ చివర నిలబడ్డాడు, మోకాళ్ళు వంచి, బరువు మునివేళ్ళ మీద పెట్టి. ఆ నిలబడడం చూసి నేను ముందుకు జరిగాను. వేట గురించి చదివిన పాత పుస్తకాల్లో పులి పొదలో ఎలా కూర్చుంటుందో రాస్తారే, అది. కూతకు వచ్చినవాడు లోపలికి దిగాడు, తిరిగాడు, వెనక కాలు తేలింది. సాయిలు రెండు చేతులూ చీలమండ దాకా వెళ్ళాయి.

వెళ్ళి, జానెడు దూరంలో ఆగిపోయాయి.

మరుక్షణం లేచి తొడ పట్టాడు. వచ్చినవాడు విదిలించుకుని గీత దాటాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ అంతే. సరైన కాలు, సరైన క్షణం, చేతులు పోవడం, ఆగడం. తొడ పట్టు కొన్నిసార్లు నిలిచింది, కొన్నిసార్లు జారింది. మొదటి సగం అయ్యేసరికి నాకు అర్థమైపోయింది. భయం, అనుకున్నాను. మొహానికి కాలు తగులుతుందని జంకే కార్నర్లను చాలామందిని చూశాను. ట్రాక్ సూట్ చెప్పింది నిజమా! ఆ మనిషి నిజం చెప్పి ఉంటాడన్న ఊహే నన్ను సాయిలు ఆటకన్నా ఎక్కువ బాధపెట్టింది. లేచి మల్లేశంతో, "బండి తియ్యి, పోదాం" అన్నాను.

పక్కనే చాయ్ పోస్తున్న గౌస్ భాయ్ విన్నాడు. "ఏమైంది సార్? ఖేల్ ఆధానే అయింది."

"మీ వాడికి కాలు పట్టడం రాదు భాయ్."

"రాదా?" గౌస్ భాయ్ కెటిల్ కింద పెట్టాడు. "మీకు ఎవ్వరు చెప్పలేదా, ఈడ కాలు పట్టుడు బంద్ అని? తొడ పట్టు, కమర్ పట్టు, కాలు మాత్రం నక్కో. క్యాంప్ రూల్."

"అదేం రూలు? అది లేకపోతే కబడ్డీ ఏముంది?"

"కాలు బెణికిందనుకో, డ్యూటీ ఎవ్వరు చేస్తరు? రెండేండ్ల కింద పోశెట్టి అని ఉండె. ఆటల చీలమండ తిరిగింది. డ్యూటీల దెబ్బ కాదు, ఆటల దెబ్బ అన్నది కంపెనీ. వీసా తీసేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిన్రు." గొంతు తగ్గించాడు. "పట్టింది సాయిలే. తప్పేం లేదు, సాఫ్ పట్టు. ఆ తెల్లారి వాడే అందర్ని కూసోబెట్టి రూల్ పెట్టిండు. మొన్న ట్రాక్ సూట్ సార్ గూడ వచ్చిండు, అర్ధగంట చూసిండు, యల్లా అని పోయిండు. అడిగితే కద చెప్పేది!"

నేను మళ్ళీ కూర్చున్నాను. రెండో సగం చూశాను. అదే ఆట, కానీ నాకు వేరేగా కనిపించింది. ఆ చేతులు జంకి ఆగడం లేదు. ఆపితే ఆగుతున్నాయి. మీద పడబోతున్న ఒంటిని గాలిలో జానెడు దూరంలో నిలిపి, అంతలోనే పైకి మళ్ళించడం ఎంత కష్టమో ఆడినవాడికే తెలుస్తుంది.

కానీ రంగారావుకు ఊహలు చెప్పలేను కదా. ఆట అయ్యాక సాయిలును పిలిచి, "ఒక్క పట్టు చూపించు. నేను కళ్ళతో చూడాలి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళను అడిగాను, ఎవరైనా కూతకు వస్తారా అని.

"నా కాలు బ్రేక్ మీద ఉండాలె సార్" అన్నాడు మల్లేశం.

"నాది నిచ్చెన మీద" అన్నాడు ఇంకొకడు.

"నీది నిచ్చెన మీద ఏడున్నదిరా, ఎప్పుడు సూడు మంచం మీదనే గద!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సాయిలు నవ్వలేదు.

"ఆళ్ళను అడగకుండ్రి సార్. ఆళ్ళు ఇస్తమన్నా నేను పట్ట" అన్నాడు.

"పట్టకపోతే నీ పేరు చెప్పలేను."

"చెప్పకుండ్రి. సంతకం పెడత." గొంతులో కోపం లేదు. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది. పుస్తకాల్లో మాట నిలబెట్టుకున్న మహానుభావుల కథలు బోలెడు చదివాను. నా ఎదుట, తడి ఇసుక అంటిన నిక్కరుతో, ఇంత తేలిగ్గా నిలబెట్టుకున్నవాణ్ణి చూడలేదు.

నేను చెప్పులు విడిచి ప్యాంటు మోకాలిదాకా మడిచాను. "ఈ క్యాంప్‌లో డ్యూటీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. నా వీసా మా అమ్మాయి మీద ఉంది. కాలు విరిగినా నన్ను ఎగ్జిట్ కొట్టేవాడు లేడు."

"బిటియా కొట్టదా సార్?" అన్నాడు గౌస్ భాయ్.

"అది నేను చూసుకుంటాను. రా అబ్బాయ్."

సాయిలు చాలాసేపు నా కాలు వంక చూశాడు. తర్వాత వెళ్ళి ఎడమ మూల నిలబడ్డాడు. నేను కూత పట్టాను. నలభై ఏళ్ళ తర్వాత కబడ్డీ కబడ్డీ అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏ కాలు వెనక ఉంచుతానో చెప్పలేదు. కుడివైపు తిరుగుతున్నట్టు నటించి ఎడమకు తిరిగాను. ఒకప్పుడు దానికి మంచి కార్నర్లే బోల్తా పడేవారు. కాలు తేలిందని నాకు తెలిసేలోపే వాడి చేతులు అక్కడున్నాయి. రెండు బొటనవేళ్ళు మడమ పైన, మిగతా వేళ్ళు ముందు నుంచి తాళం వేసినట్టు. లాగాను, మెలితిప్పాను, మడమ కిందికి నొక్కాను. కాలు కదల్లేదు, నొప్పీ లేదు. నేను పడబోతుంటే వాడే భుజం అడ్డుపెట్టి నన్ను ఇసుక మీద కూర్చోబెట్టాడు. ముసలివాడి కాలు పట్టడం గొప్పా అని ట్రాక్ సూట్ అంటాడు, తెలుసు. నేను చూసింది బలాన్ని కాదు. బొటనవేలు ఎక్కడ పడింది, ఏ క్షణంలో పడింది, అది. ఇంకో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అంతే.

కూర్చున్నచోటి నుంచే రంగారావుకు ఫోన్ చేశాను.

"ఒరే, దుఖాన్ కుర్రాడి ఆట వీడియో మీ కార్యదర్శి పంపాడు, చూశాను. వాడికి చీలమండ పట్టు ఒక్కటి కూడా లేదు" అన్నాడు.

"ఉంది. నా చీలమండ మీద ఉంది."

"నీకేమైనా పిచ్చా? ఈ వయసులో..."

"నా పక్కన నాలుగేళ్ళు నిలబడ్డావు. కార్నర్ గురించి నేను నీకు ఎప్పుడైనా తప్పు చెప్పానా?"

"పూర్తి పేరు చెప్పు" అన్నాడు. చెప్పాను, ఇంటిపేరుతో సహా.

శనివారం సాయంత్రం నాలుగో వంతులో ఆ పేరు పిలిచారు. షమాల్ కుర్రాణ్ణి వేరే జట్టు తీసుకుంది, అతనికీ మంచే జరగాలి. మల్లేశం ఫోన్‌లో చెప్పాడు: ఆదివారం సాయిలు కంపెనీ కాగితం సంతకం లేకుండా వెనక్కి ఇచ్చేశాడట. ఆ పొద్దునే పోశెట్టి ఊరికి ఫోన్ చేసి, లీగ్‌లో కాలు పట్టవచ్చా అని అడిగాడట. "పట్టకపోతే నా కాలు ఊకెనే పోయినట్టయితది గదరా" అన్నాడట పోశెట్టి.

నేను ఈ దేశంలో సంపాదించింది మా అమ్మాయి చదువు, ఇల్లు. గర్వంగా చెప్పుకునేది ఏముందని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు చెబుతాను. చమురు కోసం, గ్యాస్ కోసం ప్రపంచమంతా తవ్వుతున్న ఆ నేలలో, ట్రాక్ సూట్ అరగంట నిలబడి కూడా చూడలేకపోయిన మనిషిని నేను చూశాను. నా కాలు ఇంకా కాస్త వాచి ఉంది, పట్టుకు కాదు, ఈ వయసులో గంతులేసినందుకు. అమ్మాయి రోజూ ఉప్పు కాపడం పెడుతూ తిడుతోంది. ఆ తిట్లు కూడా నాకు బాగానే ఉన్నాయి.

మీరు క్యాంప్ ఆట చూడడానికి వెళితే ఒక్కటి పాటించండి. మధ్యాహ్నం భోజనం వేళకే చేరుకుని, వంట చేసేవాళ్ళ పక్కన కూర్చుని, ఇక్కడ ఏ పట్టు నిషేధమో ముందే అడగండి.