పంజగుట్ట నుంచి రోజూ వచ్చిన భాష

మన సంఘం పత్రిక చదివే అందరూ బాగున్నారా? మోకాలి ఆపరేషన్ చేయించుకున్న పెద్దమ్మగారు కర్ర లేకుండా నడుస్తున్నారా? పాటల మాస్టారి గొంతు నయమైందా? వెనక వరసలో కూర్చునే అక్కల బీపీలు, షుగర్లు ఎలా ఉన్నాయి? పసిపిల్లలకు జ్వరాలు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను. బాగానే ఉన్నాననుకుంటున్నాను. మా వియ్యపురాలు పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పొద్దున చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే వెళ్లిపోయింది. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు పాస్టరుగారు. ఐదో తరగతి చదివినదాన్ని, నాకేం వస్తుందన్నాను. మాట్లాడినట్టే రాయమన్నారు. తప్పులుంటే ఏమనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆవిడది ఇంగ్లండు పక్కనే ఉన్న వేల్స్. ఇక్కడి నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన మనవాడిని పెళ్లి చేసుకుని, నలభై ఏళ్ల కిందట పంజగుట్టకు కాపురానికి వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల అమ్మాయిని మా అబ్బాయి చేసుకున్నాడు కాబట్టి నాకు వదిన. కాటన్ చీర కట్టుకుని కూరగాయల బండి దగ్గర నిలబడి, "కొత్తిమీర సుత గింత వెయ్యరాదు భాయ్" అని ఆ తెల్ల మనిషి అడుగుతుంటే బండివాడు తూకం మరిచిపోయి చూసేవాడు.

వాళ్ల భాష ఇంగ్లీషే అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. "ఇంగ్లీషు వేరే, మా వెల్ష్ వేరే వదినా. ఇంకోసారి ఇంగ్లీషన్నవంటే నీ చాయ్ తాగకుండనే వాపస్ పోత" అనేది. అయినా నేను మళ్లీ అనేదాన్ని. ఆవిడ చాయ్ తాగే వెళ్లేది.

మనవరాలు పుట్టాక, కోడలు మళ్లీ ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టిన రోజు నుంచి వదిన పొద్దున్నే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మా ఇంటికి వచ్చేది. ఒక్క స్టేషనే. నాతో తెలుగు, పిల్లతో వెల్ష్. ఒకదాంట్లో ఒకటి కలిపేది కాదు. డాక్టరు దగ్గర కూడా ఆయనతో తెలుగులో చెప్పి, పిల్ల వైపు తిరిగి వెల్ష్ మాట్లాడేది. ఆయన నా వైపు చూసేవాడు. నేను నేల చూసేదాన్ని. పిల్లకు ఆవిడ "మాంగీ". వాళ్ల భాషలో అమ్మమ్మ అని. నీళ్లను "దూర్" అంటారట. మా కిటికీలోంచి మెట్రో రైలు కనబడుతుంది. అది పోతుంటే బోగీలు లెక్కపెట్టేవారు: ఈన్, దై, త్రీ. మూడే బోగీలు కాబట్టి నాకూ మూడు దాకానే వచ్చు.

రెండేళ్లు దాటినా పిల్లకు మాట రాలేదు. నాకు అన్నం సహించేది కాదు. ఎదురింటామె ఒకటి చెప్పింది, పాలు పోసేవాడు ఇంకొకటి చెప్పాడు. అన్నీ నా తలకెక్కాయి. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"వదినా, ఏమనుకోకు. పిల్ల నోరు తెరిచేదాక నీ భాష జర బంద్ పెట్టరాదు. ఇన్ని భాషలు గంత చిన్న నోట్లె ఎట్ల పడుతయి?"

ఆవిడ చేతిలో చెంచా పక్కన పెట్టింది. "బంద్ పెడితే మల్ల షురూ చేసుడు కష్టం వదినా."

"మరి పిల్ల మూగదైతే?" అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి ఆపేసింది. ఇక తెలుగులో మాట్లాడుతుందనుకున్నాను. లేదు. తల దువ్వింది, అన్నం తినిపించింది, అంతా నోరు మూసుకునే. రైలు పోతుంటే మూడు వేళ్లు ఒక్కొక్కటిగా కిటికీ చువ్వకు ఆనించేది. పిల్ల ఆవిడ ఒళ్లోకెక్కి పెదవులను వేళ్లతో విప్పి చూసేది. నా మీద కోపమేమో అనుకున్నాను. నెల రోజులు అలా చూడలేక, "తెలుగుల మాట్లాడు వదినా, నీకు వస్తది గద" అన్నాను.

"నా బిడ్డతోటి గట్లనే మాట్లాడిన" అంది.

అప్పుడు చెప్పింది. మా కోడలు పసిపిల్లగా ఉన్నప్పుడు వదిన అత్తగారు కూడా అచ్చం నాలాగే భయపడి, అచ్చం ఈ మాటే అన్నారట. కొత్త కోడలు, కొత్త ఊరు. సరేనంది. "రేపు షురూ చేస్త, ఎల్లుండి షురూ చేస్త అనుకున్న వదినా. బిడ్డకు ఇరవై ఏండ్లొచ్చినయి." అందుకే మా కోడలికి తల్లి భాష వింటే సగం అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు.

ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "మాట్లాడు తల్లీ, నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడు" అన్నాను. కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చి "నానమ్మా, నీళ్లు" అంది. నేను బిందె దగ్గరికి వెళ్లేలోపే అదే గ్లాసు ఆవిడ ముందు పెట్టి "మాంగీ, దూర్" అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. వదిన నవ్వింది. "చూసినవా, పిల్లకు పరేషాన్ లేదు. ఉన్నదంత మనకే."

ఇప్పుడు పిల్లకు నాలుగున్నరేళ్లు. ఈ ఇరవై రెండు రోజుల్లో వెల్ష్ మాట ఒక్కటి దాని నోట రాలేదు. మొన్న నేనే కిటికీ దగ్గర నిలబడి "ఈన్, దై" అంటుంటే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు నానమ్మవు. నీది తెలుగు. గది మాంగీది."

వాళ్లమ్మ వచ్చీరాని మాటలతో ప్రయత్నించినా అంతే. మమ్మీది తెలుగట. వదిన నేర్పిన పద్ధతిని అంత గట్టిగా పట్టుకుంది. మరి మాంగీయే లేకపోతే ఆ మాటలు ఎవరితో అంటుంది? అనకపోతే అవి ఎన్నాళ్లుంటాయి? పిల్ల కోసం వదిన తన గొంతుతో వెల్ష్‌లో పంపిన మెసేజ్‌లు నా ఫోన్లో ఉన్నాయి. వినిపిస్తే మాంగీ ఏదీ అని అడుగుతుంది. వినిపించకపోతే మరిచిపోతుంది. ఏది నొక్కితే ఏది పోతుందోనని ఫోను ముట్టుకోవాలంటేనే భయం. బియ్యం డబ్బా వెనక పెట్టాను. పొయ్యి వేడి తగులుతుందేమోనని తీసి బీరువాలో పెట్టాను. ఏది మంచిదో నాకు తోచడం లేదు.

వదిన చెల్లెలు సమాధి చూడడానికి ఆ దేశం నుంచి వస్తోంది. పంజగుట్ట ఇంట్లోనే దిగుతుంది. కోడలు ఆమెతో ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కనే నిలబడ్డాను.

"పిల్లతోటి ఇంగ్లీషు ఒక్క ముక్క మాట్లాడొద్దని చెప్పు. వాళ్ల భాషనే మాట్లాడమను. పిల్ల జవాబియ్యకున్నా సరే, బంద్ పెట్టొద్దను."

"మీరేనా అత్తమ్మా, గీ మాట అనేది?" అంది కోడలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇంకోటి కూడా చెప్పించాను. మా ఇంటికి కారులో వద్దు, మెట్రోలో రమ్మన్నాను, వాళ్లక్క వచ్చినట్టే. నిన్న పొద్దున నేను పప్పుకు పోపు వేస్తూ తొంగి చూశాను. పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. రైలు వచ్చింది. పిల్ల నోరు మెదపలేదు. మూడు వేళ్లు ఒక్కొక్కటిగా చువ్వకు ఆనించింది.

వదిన చెల్లెలు మా ఇంటికి వచ్చేది వచ్చే నెల రెండో శనివారం, పొద్దున పది గంటలకు.