ఓ నెగెటివ్ పడని బిడ్డ

మేడ్చల్ హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నికల్ సూపర్‌వైజర్‌గా నా చివరి పోస్టింగు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక ఆదివారం ఉదయం పసిపిల్లల వార్డు నుంచి రక్తం కావాలని అత్యవసర ఇండెంటు వచ్చింది. పుట్టి ఒక రోజైన ఆడపిల్ల. పచ్చకామెర్లు గంటగంటకూ పెరుగుతున్నాయి, నీలికాంతి కింద పడుకోబెట్టినా తగ్గడం లేదు. ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీస్తూ కొత్త రక్తం ఎక్కించాలని, సాయంత్రం దాటితే మెదడు దెబ్బతినవచ్చని డాక్టరు గారు ఫోనులో చెప్పారు.

కేసు కాగితం చూసి నాకు చిరాకేసింది. తల్లి సునీత ఓ పాజిటివ్, బిడ్డా ఓ పాజిటివ్. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితేనే కదా ఈ గొడవ! శాంపిళ్లు తారుమారు చేశారని వార్డు సిస్టరును కసిరాను. మళ్లీ తీయించి చూస్తే అవే గ్రూపులు. బిడ్డ ఎర్రకణాలకు మాత్రం తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ అంటుకొని ఉంది. కణాలను పగలగొడుతున్నది అదే. సిస్టరుకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇలాంటి బిడ్డకు ఎక్కించే రక్తాన్ని తల్లి రక్తంలో కణాలు పోగా మిగిలే సీరంతో కలిపి సరిచూడాలి. దాన్నే క్రాస్‌మ్యాచ్ అంటాం. ఏదీ తోచనప్పుడు ఓ నెగెటివ్ అందరికీ పనికొస్తుందని మా వాళ్ల నమ్మకం, నాదీ అదే. ఉన్న ఒక్క బ్యాగు పెట్టి చూశాను. గొట్టంలో కణాలు గడ్డకట్టాయి, అంటే పడదన్నమాట.

అప్పటికే బిడ్డ తండ్రి దానియేలు గుండ్లపోచంపల్లిలోని తమ చర్చికి ఫోను చేశాడు. పాస్టరు గారు ఆరాధన మధ్యలోనే ప్రకటించారట. గంటలోపే, ఎంతో అరుదైన ఓ నెగెటివ్ వాళ్లు ముగ్గురు ఒకే ఆటోలో దిగారు. నా సర్వీసులో అలాంటిది చూడలేదు. ముగ్గురి శాంపిళ్లూ గడ్డకట్టాయి.

విషయం తెలిసి సునీత చక్రాల కుర్చీలో మా గది దాకా వచ్చింది.

“నా నెత్తురే నా బిడ్డను సంపుతాందా మేడం?”

నీ తప్పేమీ లేదమ్మా అన్నాను. మళ్లీ గొట్టాల ముందు కూర్చున్నాను.

నాలుగు నెగెటివ్‌లూ ఒక్కలాగే గడ్డకట్టడమేమిటని ఆలోచిస్తుంటే, శిక్షణ రోజుల్లో చదివి మరిచిన పాఠం గుర్తొచ్చింది. ఆర్‌హెచ్‌లో అందరికీ తెలిసింది పాజిటివా నెగెటివా తేల్చే డి అనే గుర్తు ఒక్కటే. కణం మీద ఇంకొన్ని గుర్తులుంటాయి. వాటిలో చిన్న సి అనేది దాదాపు నెగెటివ్ వాళ్లందరికీ ఉంటుంది, పాజిటివ్ వాళ్లలో చాలామందికి ఉండదు. సునీతకు లేని ఆ గుర్తు బిడ్డకు తండ్రి నుంచి వచ్చి ఉండాలి, ఆమె యాంటీబాడీ దాని మీదే పుట్టి ఉండాలి. అలాగైతే మేం వెతకాల్సింది పాజిటివ్‌లో. ఫ్రిజ్‌లోని పాజిటివ్ బ్యాగులన్నీ వారం దాటినవి, బిడ్డకు తాజా రక్తం కావాలి.

ఆ ముగ్గురినీ తెచ్చిన ఆటో డ్రైవరు శంకర్ వరండాలో కూర్చొని ఉన్నాడు. గ్రూపు అడిగాను.

“నాది ఓ పాజిటివ్ మేడం. ఊర్ల మస్తుమందికి ఉంటది గది. గిప్పుడు గదేం అక్కరకొస్తది?”

ముందు చెయ్యి చాపమన్నాను. శాంపిలు తీసి, సునీత సీరంతో కలిపి గొట్టం ఆడించి చూశాను, గడ్డ లేదు. మైక్రోస్కోపు కింద ఏ కణానికా కణం పలచగా చల్లిన ఆవాల్లా విడిగా ఉంది. అంత అరుదని పరుగులు పెట్టి తెచ్చుకున్న రక్తం పడలేదు. వాళ్లను తీసుకొచ్చినవాడి మామూలు రక్తం పడింది. కంటికి కనిపించని ఆ యాంటీబాడీ తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో అంత కచ్చితంగా ఎలా గుర్తుపడుతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

శంకర్ ఇచ్చిన రక్తానికి అంటువ్యాధుల పరీక్షలు ముగించి మూడింటికి బ్యాగు పైకి పంపాను. సాయంత్రానికి కామెర్లు దిగాయి. దానియేలు చేతులు పట్టుకుంటే శంకర్ ఇబ్బంది పడిపోయాడు. “ఇగ పోత అన్నా, ఇంకా బువ్వ తినలే” అని ఆటో ఎక్కాడు. తర్వాత నగరంలోని పెద్ద ల్యాబు మా అనుమానం నిజమేనని రాసి పంపింది.

ఆ రోజు నుంచి తల్లి గ్రూపు ఏదైనా సరే, యాంటీబాడీ పరీక్ష చేయనిదే రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. గ్రూపు గడి చూసి కాగితం మొత్తం చదివేశాననుకోకూడదని నేర్చుకున్నాను. సునీతకు అది మూడో కాన్పు. రెండో బిడ్డకూ పుట్టిన రోజే కామెర్లు వచ్చాయని కేసు కాగితంలో రాసే ఉంది. యాంటీబాడీని పట్టిచ్చే ఆ వరుస చదవకుండా సిస్టరును కసిరింది నేనే.