బావ చేసిన ఆంప్లిఫయర్ మీద నా సమీక్ష

హైదరాబాదు నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికకు స్పీకర్లు, ఆంప్లిఫయర్ల మీద సమీక్షలు రాస్తుంటాను. మహబూబాబాద్‌లో కాలేజీ ఉద్యోగం; ఇది దాని పక్కన పెరిగిన అలవాటు. పాటలంటే ప్రాణమనుకునే మొదలుపెట్టాను. ఇప్పుడు పాట వస్తుంది, అయిపోతుంది, మధ్యలో బాస్ ఎలా ఉందో నేను రాసుకుంటాను. బాధేమీ లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

నేను రాసిందల్లా అచ్చవుతుందని కాదు. "బాస్ వదులుగా ఉంది" అని పంపిస్తే "బాస్ ధారాళంగా ఉంది" అని వచ్చేది. వెనక అట్ట మీద అదే కంపెనీ ప్రకటన ఉండేది. ఎడిటర్‌గారు మర్యాదస్తులు. కొద్దిగా భాష సరిచేశానండీ, అనేవారు.

పోయినేడు మా బావకు, అంటే అక్క భర్తకు, ఒక ఆలోచన వచ్చింది. జనగామలో ఆయనకు పెళ్లిళ్లకు మైకు సెట్లు కిరాయికిచ్చే కొట్టు ఉంది. ఆ డీజే బాక్సులన్నీ అమ్మేసి, ఇళ్లలో నెమ్మదిగా పాటలు వినేవాళ్ల కోసం ఆంప్లిఫయర్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. మొదటిది తనకే కావాలని భూపాలపల్లి నుంచి ఒక గని ఉద్యోగి ఫోన్ చేశాడు. పత్రికలో సమీక్ష చూసిన తర్వాతే తీసుకుంటానన్నాడు. ఆయన తీసుకుంటే ఆ గని క్వార్టర్లలో ఇంకో నలుగురు తీసుకుంటారని బావ లెక్క.

బావ, అక్క ఆంప్లిఫయర్‌ను తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైల్లో మా ఇంటికి తెచ్చారు.

సొంత మనిషిది కాబట్టి మరీ న్యాయంగా ఉండాలనుకున్నాను. గదికి అడ్డంగా దుప్పటి కట్టి, దాని వెనక ఎడమవైపు బావది, కుడివైపు ఒక కంపెనీది పెట్టాను. దుప్పటికి ఇవతల మా బాపును, అంటే నాన్నను, రైల్వేలో పనిచేసే పక్కింటి అన్ననూ కూర్చోబెట్టాను. ఏది ఎవరిదో చెప్పకుండా ఒకే పాట రెండింటి మీద వేశాను.

"ఎడమ దిక్కుది మంచిగున్నది. గుడిల కూసున్నట్టున్నది" అన్నాడు బాపు.

"అల్లుడు చేసినంక మంచిగుండదా!" అన్నాడు రైల్వే అన్న.

"అల్లుడిది అదేనని నీకెట్ల తెలుసన్నా?" అన్నాను.

"వాసన వస్తలేదా?"

తెచ్చే ముందు అక్క దానికి పూజ చేసింది. ఆంప్లిఫయర్ వేడెక్కేకొద్దీ దాని నెత్తి మీది గంధం గదంతా పరుచుకుంటోంది. తడిబట్ట తీసుకుంటే అక్క లేచి నిలబడింది.

"దేవునికి పెట్టిన బొట్టు తుడుస్తవారా? చదువుకున్నవ్, జర సోయుండాలె."

తుడవలేదు. సమన్యాయం కోసం కంపెనీ డబ్బా దగ్గర రెండు అగరొత్తులు ముట్టించాను.

"ఇప్పుడు రెండూ మంచిగున్నయి" అన్నాడు బాపు.

అంతలో గూడ్సు బండి వచ్చింది. మా ఇల్లు పట్టాల పక్కనే కాబట్టి, బండి పోయేదాకా పాట ఆపాం. అది వెళ్లిపోయాక ఎడమవైపు నుంచి సన్నగా గుయ్‌మని వినిపించింది.

"అది ఫ్యాను చప్పుడు" అంది అక్క.

ఫ్యాను ఆపాను. గుయ్ ఆగలేదు. బావ ఆగిన ఫ్యానునే చూస్తూ కూర్చున్నాడు.

పాట బాగా పలుకుతుందని, పాటకూ పాటకూ మధ్య సన్నగా గుయ్‌మనే శబ్దం ఉందని రాసి పంపాను. ఆ నెల పత్రికలో ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

భూపాలపల్లి ఆయన బావకు ఫోన్ చేసి వద్దన్నాడు. ధారాళమైన బాస్ ఉన్న కంపెనీది తెచ్చుకున్నాడు.

నేను జనగామ వెళ్లేసరికి బావ పాత సంచికలన్నీ ముందరేసుకుని ఉన్నాడు.

"ఏంది బామ్మర్దీ, లోకంల డబ్బలన్నీ మంచియే, నా ఒక్కదానికే గుయ్యి వినబడ్డదా నీకు?"

"వాటికీ రాసిన బావా. వాళ్లు మార్చిండ్రు."

"మరి నాది ఎందుకు మార్చలే?"

"నువ్వు ప్రకటన ఇయ్యలే."

బావ సంచికలు పక్కకు నెట్టి ఆంప్లిఫయర్‌ను ముందుకు లాక్కున్నాడు. తర్వాత మూత విప్పి చూపించాడు. లోపల ట్రాన్స్‌ఫార్మర్‌ను అప్పటికే పక్కకు జరిపి, ఎర్త్ వైరు మార్చి ఉంచాడు. విన్నాను. గుయ్ లేదు. అక్కడి నుంచే ఎడిటర్‌గారికి ఫోన్ చేస్తే, ఒకే పరికరాన్ని రెండుసార్లు సమీక్షించడం మా పద్ధతి కాదండీ, అన్నారు. వెనక అట్ట ఖాళీగా ఉందో లేదో నేను అడగలేదు.

ఆంప్లిఫయర్‌ను మళ్లీ తువ్వాలలో చుట్టి, హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి తీసుకెళ్లాను. ఆయన చాయ్ ఇచ్చి, దాన్ని తన కంపెనీ డబ్బా పక్కన పెట్టించాడు. స్విచ్ వేశాను. చెవి ఆనించి విన్నాడు.

"సార్, కరెంటు వస్తలేనట్టున్నది."

"వస్తుందన్నా. చప్పుడు లేదు, అంతే."

పాట వేశాను. తల ఊపాడు. తర్వాత తన డబ్బా ఆన్ చేస్తే అదే గుయ్‌మంది. ఇద్దరం విన్నాం.

"మీదే మంచిగున్నది సార్" అన్నాడు చివరికి. "కాని పుస్తకంల గట్ల లేదు గద. రేపు పక్కోళ్లు అడుగుతే ఏం జెప్పాలె?"

"రాసింది నేనే కదన్నా."

"అందుకే గద నమ్మిన."

సాయంత్రానికి మళ్లీ జనగామ చేరాను. నా చేతుల్లోని తువ్వాల మూట చూసి బావ ఎదురొచ్చి దాన్ని అందుకున్నాడు. అక్క అన్నం పెట్టింది. బావ ఆంప్లిఫయర్‌కు వైర్లు కలిపి ఒక పాట వేశాడు. ముగ్గురం తిన్నాం. పాట అయిపోయింది.

"ఏమన్న వినబడ్తుందా?" అన్నాడు.

విన్నాను. "ఏం లేదు బావా."

"గంతే గద నువ్వడిగింది" అని పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.