ఇరవై ఐదు తూటాల కట్ట

ఆ రోజుల్లో నాకు నా వేళ్ల మీద ఉన్నంత గర్వం కొందరికి మేడలు, మిద్దెల మీద గూడ ఉండదు. చదువు మూడో తరగతి కాడ ఆగింది. ముఖం చూసి తిరిగి చూసేటంత అందం లేదు. వేళ్లు మాత్రం పదేండ్ల వయసు నుంచి ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుట్టినయి. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, మూతి ముడుసుడు, ఇరవై ఐదు కాంగనే దారంతోని కట్ట కట్టుడు, ఇరవై ఏండ్లు అదే పని. బీడీలు కొనే టేకేదారు ఒక కట్టను చేతిల ఊపి "ఇందుల ఒకటి తక్కువున్నది" అంటే, నేను అదే కట్టను ఊపి "ఒకటి తక్కువ లేదు, ఒకదాంట్ల తంబాకు తక్కువున్నది" అనేదాన్ని. ఇప్పి చూస్తే అట్లనే ఉండేది. (జర ఎక్కువ చెప్తున్ననని అనుకుంటున్నరు కావచ్చు. జరంత ఎక్కువే.) అసొంటి వేళ్లను తీసుకొని నేను ఒమాన్ వచ్చిన, అవి ఎంత పని చేసినయో చెప్త వినుండ్రి.

అప్పటికి నాకు ముప్పై నిండి ఏడాది కాలేదు. ఖురియాత్‌ల సముద్రానికి దగ్గర ఒక పెద్ద ఇంట్ల పని. ఇంటి పెద్దను బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేది. (మన మామ కాదు, అక్కడ యజమానురాలిని అట్లనే అంటరు.) బాబా పటాలంల పని చేసి దిగిపోయిన మనిషి. హిందీ బాగ మాట్లాడుతడు, కోపం వస్తే అరబ్బీల మాట్లాడుతడు, మరీ కోపం వస్తే అసలు మాట్లాడడు. ఇంటెనక ఖర్జూర తోట. రెండేండ్ల కింద చెట్టు మీంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నడంట. లోపల రాడ్ వేసిన్రు. ఒకసారి ఆయన వెంట ఆసుపత్రికి పోతె, అక్కడ మన భీమవరం దిక్కు సిస్టరమ్మ నాకు తెలుగుల విడమరిచి చెప్పింది. "ఇంకోసారి గట్టిగా అదిరిందంటే ఆ చెయ్యి అన్నం కూడా కలపలేదమ్మా. ఆయన వినేలా లేరు, నువ్వైనా కాస్త చూసుకో."

వినేటట్టు ఎందుకు లేడంటే, బాబాకు ఒక పిస్తోలు ఉండేది. లైసెన్సుదే. నల్లగ, గుండ్రాయి లెక్క బరువుగ, ఒకటి పేలంగనే దానంతల అదే ఇంకోటి ఎక్కించుకునే రకం. ఏడాదికొకసారి పాత పటాలం దోస్తులంత గుట్టల నడుమ ఉన్న షూటింగ్ మైదానంల కూడి పోటీ పెట్టుకుంటరు. ముందు ఐదు చిన్న ఇనుప పలకలు కొట్టాలె. ఆఖరికి దూరంగ ఒక పెద్ద పలక, దానికి ఒక్కటే తూటా. ఆ పలక తగిలితె చాలదు, వెల్లకిల పడాలె. చెయ్యి విరిగినంక బాబా పోటీకి పోక రెండేండ్లయింది. ఈసారి పోవుడు ఖాయమన్నడు. ఏ తూటా వెయ్యాలె అన్నకాడ మాత్రం ఇల్లు రెండుగ చీలింది.

రెండు డబ్బాలు తెప్పించిండు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి, ఒక్కోదాంట్ల యాభై తూటాలు. రెండూ అదే పిస్తోలుకు పట్టేటియే, చూస్తే కవల పిల్లలు. నీలం డబ్బాలయి బలమైనవి, ఎర్ర డబ్బాలయి అంతకంటె బలమైనవి. నీలంది తగిలితె పెద్ద పలక ఊగుతది, నసీబు బాగుంటే పడుతది. ఎర్రది తగిలితె పలక పండుకుంటది. అయితే ఎర్రది పలకనే కాదు, కాల్చిన చేతిని గూడ గాడిద తన్నినట్టు తంతది. మామా నీలం పార్టీ. బాబా తమ్ముడు, మేం చిన్నబాబా అనేటోళ్లం, ఎరుపు పార్టీ. "పడని పలకకు గురి చూసుడెందుకు, ఇంట్ల కూసొని కహ్వా తాగరాదా" అని అన్నను పొడిచేటోడు. (కహ్వా అంటే వాళ్ల కాఫీ.) మామా బాబా కుడిచేతిని తీసి తన ఒళ్లె పెట్టుకునేది. నెల దినాలు ఇదే. బాబా ఒక చేతిల నీలంది, ఒక చేతిల ఎర్రది పట్టుకొని, పెండ్లికి చీర ఎంచే మనిషి లెక్క కూసునేటోడు.

ఒకనాడు కహ్వా పోస్తుంటె రెండూ నా చేతిల పెట్టి, నువ్వు చెప్పు అన్నడు. ఎర్రది బరువు అన్న. ఎంత బరువు? రెండు బీడీలంత. ఆయనకు నవ్వొచ్చింది. నన్ను కండ్లు మూసుకోమని, రెండూ మార్చి మార్చి నా అరచేతుల పెట్టిండు. పదిసార్లు పెట్టిండు, పదిసార్లు సరిగ్గ చెప్పిన. అప్పటి నుంచి ఎవలొచ్చినా నన్ను పిలిచి, మాటలు నేర్చిన చిలుకను చూపించినట్టు చూపించుడు మొదలువెట్టిండు. ఊర్లె టేకేదారు గూడ మెచ్చని వేళ్లను ఒమాన్ల పటాలపోళ్లు మెచ్చుకుంటున్నరని నాకు నేల మీద కాలు ఆగలేదు.

ఆగకనే జారింది. పోటీకి ముందటి రోజు బాబా మామాకు మాటిచ్చిండు, నీలమే అని. పొద్దుగాల్నే పోవాలె గదా అని రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టి, పొద్దు వాలంగ చదివే అసర్ నమాజుకు పోయిండు. నేను రొట్టెలకు నెయ్యి రాసుడు సగంల విడిచిపెట్టి కప్పులు తీద్దామని వచ్చిన. పొడుగు గౌను అంచు కాలి కింద పడ్డది. నేను బల్ల మీద, బల్ల డబ్బాల మీద, డబ్బాలు నేల మీద. నూరు తూటాలు పరిచిన జాజం మీద గలగలమన్నయి. నేను చేసిన మొదటి పని, రెండు చేతులు తల మీద పెట్టుకొని బోర్ల పడుకున్న. ఇగ నూరూ పేలుతయి, నేను పోయిన, ఈ ఇల్లు పోయింది అని దేవుని పేర్లు చదువుకుంటున్న. చానసేపు చూసిన. ఒక్కటి గూడ పేలలేదు. కింద పడితె తూటాలు పేలయని నాకేం ఎరుక?

లేసి చూస్తే అసలు భయం అప్పుడు పట్టుకున్నది. నీలమేదో ఎరుపేదో కలిసిపోయినయి. ఒక్క ఎర్రది నీలం డబ్బాల పడ్డదంటే, నీలమే గదా అని బాబా చెయ్యి వదులుగ పట్టుకుంటడు, సిస్టరమ్మ చెప్పింది జరుగుతది. కహ్వా పళ్లెం ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఎత్తుడు, తూచుడు, ఇటు వేసుడు, అటు వేసుడు. చేతులు ఊర్లెకు పోయినట్టు ఉరికినయి. అన్నీ అయినంక లెక్క చూస్తే ఇక్కడ యాభై, అక్కడ యాభై. లెక్క కుదిరె, నా పానం కుదురుకునె. బాబా చెప్పుల సప్పుడు వినంగనే డబ్బాలల్ల పెట్టి మూతలేసిన. ఆయన మూత తియ్యకుండనే తీసుకపోయి బీరువాల పెట్టి తాళమేసిండు.

వంటింట్లకొచ్చి మిగిలిన రొట్టెలకు నెయ్యి రాస్తున్న. వేళ్లు చూసుకున్న. నెయ్యి. మా అమ్మ బీడీలు నేర్పినప్పుడు మొదటి మాట అదే చెప్పింది, నూనె చేతితోని ఆకు ముట్టకు, నూనె అబద్ధమాడుతది అని. నేను నూరు తూటాలను నెయ్యి చేతులతోని తూచిన. ఇగ ఇంకోటి యాదికొచ్చి రొట్టె చేతిలకెల్లి జారింది. ఇరవై ఐదు కాంగనే నా చేతులు నన్నడగకుండ దారం వెతుక్కున్నయి. కిటికీ పరదా కుచ్చుల నుంచి ఎర్ర దారం పీకి, నాలుగు కట్టలు కట్టి, ముడేసి మరీ పెట్టిన. పరదా కుచ్చు సగం లేదు. తాళం చెవి బాబా జేబుల ఉన్నది.

తోటల నీళ్లు పెట్టేది మా జగిత్యాల దిక్కు పెద్దమనిషి, కాకా అనేదాన్ని. సాయంత్రం ఆయనకు ఏడ్సుకుంట చెప్పిన. ఆయన పైపు పక్కన పెట్టలేదు, నా దిక్కు చూడలేదు. "చెప్తే నీ నౌకరి పోతది బిడ్డా, చెప్పకుంటె ఆయన చెయ్యి పోతది. ఒకటి నీది, ఒకటి ఆయనది, ఏది ఎక్కువనో నువ్వే తూచుకో. తూచుడు మస్తు వస్తదంటివి" అన్నడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర లేదు.

తెల్లారి కారు బయలెల్లుతుంటె ఎదురుంగ పోయి నిలబడ్డ. చిన్నబాబా పక్క సీట్ల కూసొని గడియారం చూస్తున్నడు. బాబా అద్దం దించిండు. నెయ్యి చేతులతోని సహా అంత చెప్పిన.

"ఎన్ని పడ్డయి?" అన్నడు.

"అన్నీ."

"కొన్ని గూడ మిగల్లేదా?"

"లేదు బాబా."

చిన్నబాబా అరబ్బీల ఏదేదో అన్నడు, అర్థం కాకపోవుడే మంచిదైంది. బాబా నీలం డబ్బా మూత తీసిండు. లోపల రెండు కట్టలు, ఎర్ర దారం, చక్కటి ముడి. ఒక కట్ట ఎత్తి నాకు చూపించిండు.

"ఇదేంది?"

"కట్ట."

"ఎందుకు?"

"ఇరవై ఐదు అయినయి బాబా."

చిన్నబాబా అన్నీ పారేయమన్నడు. మస్కట్ పోయి కొత్తవి తెచ్చే టైము లేదు, పోటీ మానుకుందామన్నడు. బాబా నా దిక్కు చూసి, పోయి చేతులు కడుక్కొని రా అన్నడు. సబ్బుతోని మూడుసార్లు కడిగి, పొడి బట్టతోని తుడుసుకొని, ఎనక సీట్ల కూసున్న. ఒళ్లె అదే కహ్వా పళ్లెం. కారు గుట్టల్ల మలుపులు తిరుగుతుంటె ముడులు ఇప్పి ఒక్కొక్కటే మళ్ల తూచిన. మొదటి నీలం కట్టల అన్నీ సరిగ్గనే ఉన్నయి. రెండో కట్టల ఏడో తూటాను రెండుసార్లు ఎత్తి చూసిన. ఎర్రది. ఇంకో నాలుగు దాటినంక ఇంకోటి. ఆ రెండు తీసి పక్కన పెడుతుంటె తల ఎత్తి చూసిన, అద్దంల బాబా కండ్లు నా చేతుల మీదనే ఉన్నయి. స్టీరింగు మీద కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచిండు. ఎర్ర కట్టలల్ల గూడ రెండు నీలాలు దొరికినయి. లెక్క కుదిరిందని సంబురపడ్డ మనిషికి అది సరైన చెంపదెబ్బ.

మైదానంల అక్కడి ఆఫీసరును అడిగి నన్ను ఎనక బల్ల కాడ నిలబెట్టిన్రు, సప్పుడుకు చెవులు పోకుండ డిప్పలు పెట్టిన్రు. బాబా చెయ్యి చాపితె నేను మళ్ల ఒకసారి తూచి ఐదు నీలాలిచ్చిన. ఒక్కొక్కటి పేలినప్పుడల్ల నేను పలక దిక్కు చూడలేదు, ఆయన మణికట్టు దిక్కే చూసిన. ఐదు పేలినయి, ఐదు పలకలు పడ్డయి, చెయ్యి చెయ్యి లెక్కనే ఉన్నది.

ఇగ పెద్ద పలక మిగిలింది. అప్పటికే ఒక దోస్తు దాన్ని పడగొట్టి మీసం దువ్వుకుంటున్నడు. చిన్నబాబా అన్న కాడికి పోయి చెవి డిప్ప పక్కకు జరిపి ఏదో చెప్పిండు. బాబా ఆ పలక దిక్కు చూసిండు. తర్వాత నా దిక్కు తిరగకుండ చెయ్యి ఎనకకు చాపిండు.

"లాల్" అన్నడు, ఎర్రది ఇయ్యమని.

నా చేతులల్ల రెండున్నయి, ఎడమ చేతిల ఎర్రది, కుడి చేతిల నీలంది. మామాకు ఇచ్చిన మాట యాదికొచ్చింది, సిస్టరమ్మ యాదికొచ్చింది, కాకా పైపు గూడ యాదికొచ్చింది. నేను నీలంది పెట్టిన. బాబా అరచెయ్యి మూసుకొని ఒక్క గడియ ఆగిండు. తర్వాత ఎక్కించిండు, గురి చూసిండు, కాల్చిండు. పలకకు నట్టనడుమ తగిలింది. పెద్ద తాంబాలం మోగినట్టు మోగింది. ఎనకకు ఒంగింది, ముందటికొచ్చింది, ఇంకోసారి ఒంగింది, నిలబడ్డది.

చిన్నబాబా నా చేతిల మిగిలిన తూటా లాక్కొని, ఆఫీసరు కాడున్న చిన్న తూనిక మీద పెట్టి చూసిండు, ఎర్రది. "పదిసార్లు తప్పని వేళ్లు! పదకొండోసారి ఏమైనయి?" అన్నడు.

తల ఒంచుకొని, "తప్పయింది. నా వేళ్లకు తెల్వలేదు" అన్న. నూరుమంది ఉన్నట్టు అనిపించింది, పన్నెండుమందే ఉన్నరు. ఇరవై ఏండ్ల సంది టేకేదారు ముందట గూడ అనని మాట అది.

తిరిగొచ్చేటప్పుడు చిన్నబాబా దోస్తుల కారెక్కి పోయిండు. సగం తొవ్వ దాక బాబా పలుకలేదు. మరీ కోపమే అనుకొని సామాను సదురుకునుడు మనసులనే మొదలువెట్టిన. అప్పుడు, "నేనడిగింది ఏది?" అన్నడు.

"లాల్."

"నువ్విచ్చింది?"

నేను ఒళ్లె ఉన్న పళ్లెం తుడుసుడు మొదలువెట్టిన.

"నెలదినాలు రెండు చేతులల్ల పట్టుకొని కూసున్న. నా చేతికి గూడ కొంచెం తెలుస్తది" అన్నడు. ఇంకో మలుపు దాటినంక, "లాల్ అడిగిననని మామాకు చెప్పకు."

"చెప్ప. మీరు గూడ చెప్పకుండ్రి బాబా."

"ఏం?"

"పరదా కుచ్చు."

అంతకు ముందుగానీ, తర్వాతగానీ బాబా అట్ల నవ్వంగ నేను చూడలేదు. కారు పక్కకు ఆపుకొని నవ్విండు.

ఇప్పుడు నేను మస్కట్ కాడ అల్ మవాలేల ఇంకో ఇంట్ల వంట చేస్తున్న. ఖురియాత్ విడిచి చాన ఏండ్లయింది. ఏటా ఖర్జూరాలు దిగినప్పుడు బాబా తోట నుంచి ఒక అట్టపెట్టె వస్తది. ఆ చెట్లకు పుప్పొడి పెట్టేది, గెలలు కట్టేది ఇప్పటికీ ఆయన కుడిచెయ్యే అని కాకా ఫోన్ల చెప్తడు. పెట్టెల చిన్న చిన్న సంచులు, ఒక్కొక్క దాంట్ల ఇరవై ఐదు పండ్లు, మూతికి ఎర్ర దారం. మొన్న వచ్చిన పెట్టెల ఒక సంచిని ఎత్తి ఊపి, ఇందుల ఇరవై నాలుగే ఉన్నయి, ముసలాయనకు లెక్క తప్పింది అన్న. పక్కనున్న ఈ ఇంటి పిల్లలు ఇప్పి లెక్కపెట్టిన్రు. ఇరవై ఐదు. మళ్ల పెట్టిన్రు. ఇరవై ఐదే. తప్పయింది, నా వేళ్లకు తెల్వలేదు అన్న. ఈసారి నిజంగనే అన్న. గౌను అంచు తొక్కుకుంట, ముక్కు పైకెత్తుకొని ఆ ఇంట్ల తిరిగిన ఆ పిల్ల గిన ఇక్కడుంటె నన్ను చూసి ఎంత నవ్వేదో. నవ్వనీ అనుకొని, ఇరవై ఐదో పండు నోట్లె వేసుకున్న.